మూడో గొట్టం

పాంటూన్ బోటు అంటే మరేమీ కాదు, మన పంటే. రెండు పడవల మీద చెక్కలు పరిచి, మోటారు సైకిళ్ళు, ఆటోలు, మేకలు, పెళ్ళివారు అందరినీ ఒకేసారి ఎక్కించి గోదావరి దాటించేవారు కదా, అదే. ఇక్కడివాళ్ళు పడవల బదులు పొడుగాటి అల్యూమినియం గొట్టాలు పెట్టి, పైన సోఫాలు వేసి, చుట్టూ కంచె కట్టి దాన్ని బోటన్నారు. మా అల్లుడు ట్రైలర్ మీద దాన్ని ఇంటి ముందుకి లాక్కొచ్చిన రోజున, "ఇదేంటి బాబూ, ఎవరింటి వరండా ఊడదీసి తెచ్చారు?" అన్నాను. నవ్వలేదు. కార్ల కంపెనీలో ఇంజనీరు. తన వస్తువుని ఎవరైనా ఒక మాటంటే ముందు అతని చెవులు ఎర్రబడతాయి.

మేం ఉంటున్నది అమెరికాలో, నోవై అనే ఊళ్ళో, కూతురింట్లో. చలికాలమంతా మంచు, అది కరిగితే ఎటు కారు తిప్పినా ఏదో ఒక లేక్. మా ఆయన బస్సు కండక్టరు చేసి రిటైరయ్యారు. ఇక్కడికొచ్చాక ఒక పొద్దున స్నానాల గదిలో పడిపోయారు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట కూడా పోయింది, ఒక్కటి తప్ప. "జరగండి." ఉద్యోగం చేసినన్నాళ్ళూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బస్సులో అరిచిన మాట. వెనక్కి జరగండి, లోపలికి జరగండి. అందులో వెనక్కీ లోపలికీ కూడా రాలిపోయి, ఆ ముక్కొకటే నాలుక మీద మిగిలింది. అన్నం కావాలన్నా అదే, నీళ్ళు కావాలన్నా అదే, కోపమొచ్చినా అదే. చర్చిలో అందరూ ఆమెన్ అంటే ఈయన "జరగండి" అనేవారు. పిల్లలు నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వేవారు. వాళ్ళని నేనేమీ అనలేదు. నాకూ ఒళ్ళు మండేది. ఇన్నేళ్ళు వండిపెట్టినదాని పేరు గుర్తులేదు గానీ, ముక్కూ మొహం తెలియని పాసింజర్లని తోసిన మాట గుర్తుంది.

మాటలు నేర్పడానికి వచ్చే తెల్లమ్మాయి మాత్రం నా కూతురికి గట్టిగా చెప్పి వెళ్ళింది. ఉన్న మాటని ఆపకండి, రోజూ ఏదో ఒక పనికి వాడనివ్వండి, వాడకపోతే అదీ పోతుంది, పోయాక మళ్ళీ వస్తుందని చెప్పలేను అని. కూతురు నాకు తెలుగులో చెప్పింది. "అమ్మా, నాన్నని ఊరికే కసరకు. ఆ ఒక్కటీ మానేస్తే ఇంకేం ఉండదు మనకి." నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. అయినా ఆ మాత్రం అర్థమైంది. కసరడం మానలేదు గానీ, ఆయన మాట నోట్లోంచి వచ్చేదాకా మంచినీళ్ళు చేతికివ్వడం మానేశాను. అడిగితేనే ఇచ్చేదాన్ని.

బోటు గురించి అల్లుడు చర్చిలో సంఘమంతటి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాడు. "మా మామయ్య గారి కోసమే కొన్నాను. దీనికి గేటు వెడల్పు, అడుగు చదును, వీల్‌చైర్ ఒడ్డున బోటు కట్టే చెక్కల డాక్ మీంచి తిన్నగా లోపలికి వెళ్ళిపోతుంది. ప్రభువు చూపించాడు." అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. ఆయన పడిపోక ముందు నుంచే అల్లుడు ఫోన్లో బోట్ల బొమ్మలు చూసేవాడని నాకు తెలుసు. నా కూతురు వద్దంటూ వచ్చేది. ఆయన పడిపోయారు, వద్దనడానికి దానికి నోరు లేకపోయింది.

కొన్న వారమే లేక్ దగ్గర చర్చి పిక్నిక్. కొత్త ఇల్లు కొన్నా, కారు కొన్నా పాస్టరు గారొచ్చి ప్రతిష్ఠ ప్రార్థన చెయ్యడం మనవాళ్ళకి అలవాటు. బోటుకి మాత్రం ఎందుకు మానాలి? ఎంతమంది ఎక్కవచ్చో బోటు మీద రాసి ఉంటుంది. అంతమందే ఎక్కారు, అందులో తప్పు లేదు. నన్నూ ఆయన్నీ వెనక ఇంజను పక్కన పెట్టారు. చైరుకి బ్రేకులు వేసి, వండిన బిర్యానీ ట్రేలు పాడవకుండా ముందు వైపు నీడలో సర్దారు.

నీళ్ళ మధ్యకి వెళ్ళాక పాస్టరు గారు ముందు గేటు దగ్గర నిలబడి, కంచె మీద చెయ్యి వేసి, "ప్రార్థన చేసుకుందాం" అన్నారు. అంతే. చర్చిలో ఏం చేస్తారో ఇక్కడా అదే చేశారు. అందరూ లేచి ఆయన చుట్టూ చేరారు. ముందువాళ్ళ భుజం మీద వెనకవాళ్ళు చేతులు వేశారు, కళ్ళు మూసుకున్నారు. బోటు నడుపుతున్న అల్లుడు కూడా తల వంచి, కళ్ళు మూసుకుని, ఇంజను పిడిని ఒక్కసారిగా వెనక్కి లాగేశాడు. అప్పటిదాకా బోటు వెనకాల వస్తున్న అల మా కిందనుంచి ముందుకి పోయింది. గొట్టాల ముక్కులు నీళ్ళలోకి దిగాయి. నీళ్ళు గేటు కిందనుంచి లోపలికి వచ్చేశాయి. పాస్టరు గారి ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది, చెప్పులు తేలాయి, బిర్యానీ ట్రే ఒకటి తేలి సిస్టర్ల కాళ్ళ మధ్యకి వెళ్ళింది. జనం కళ్ళు తెరిచి, ఉన్న చోటు వదలకుండా, ఒకరినొకరు పట్టుకుని ఇంకా గట్టిగా ముందుకే వాలిపోయారు.

"జరగండి!"

నా పక్కనుంచి వచ్చింది ఆ గొంతు. బస్టాండులో వినపడే గొంతు. "జరగండి! జరగండి!" ఎడమ చెయ్యి గాల్లో ఊపుతూ అరిచారు. అంతమంది ఒక్క దెబ్బతో వెనక్కి ఉరికారు. ముక్కులు పైకి లేచాయి, నీళ్ళు వచ్చిన దారినే పోయాయి.

పాస్టరు గారు ప్యాంటు పిండుకుంటూ, "పెద్దాయన నోట ఆ మాట ఇందుకే ఉంచాడు దేవుడు" అన్నారు. మా అల్లుడి స్నేహితుడొకడున్నాడు, అదే చర్చి, ఇంకో కార్ల కంపెనీ. అతనికి పెద్ద బోటుంది. ఒడ్డున నిలబడి అంతా చూశాడు. మేం దిగగానే, "మొత్తం సంఘానికి ఒకే మునకలో బాప్తిస్మం ఇచ్చేశావు కదా బ్రదర్!" అన్నాడు. అల్లుడి చెవులు చూడాలి. మా ఆయన మొహం అలా వెలగడం మాత్రం నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు.

తడిసిన బిర్యానీ పారబొయ్యమన్నారు. పైన తడవని సగం తీసి ఇంటికి తెచ్చాను.

ఆ సాయంత్రమే స్నేహితుడు మా ఇంటికొచ్చి పాఠం మొదలెట్టాడు. సింకు నిండా నీళ్ళు పట్టాడు. రెండు ఖాళీ వాటర్ బాటిళ్ళకి మూతలు బిగించి నీళ్ళలో పెట్టి, వాటి మీద నా బేకింగ్ ట్రే, ట్రే మీద కందిపప్పు ప్యాకెట్టు పెట్టాడు.

"చూడండి ఆంటీ, ఇదీ మీ అల్లుడు గారి బోటు."

"పప్పు తడిస్తే మీరే తినాలి" అన్నాను.

ప్యాకెట్టు ముందుకి జరిపితే ట్రే ముందుకి మునిగింది, వెనక్కి జరిపితే వెనక్కి కూలబడింది. "రెండు గొట్టాల బోటు నీళ్ళని కోసుకుంటూ పోతుంది తప్ప నీళ్ళ మీదకి ఎక్కదు. బరువు ఎక్కడుంటే అక్కడికి వాలుతుంది. మలుపులో బయటికి ఒరుగుతుంది, బస్సు ఒరిగినట్టు. దీని గొట్టాలు సన్నం. గొట్టాల పక్కన అంచుల్లాగా పట్టీలు ఉండాలి, అవి నీళ్ళని కిందకి నొక్కితే బోటు పైకి లేస్తుంది. అవీ లేవు. కింద రేకు కూడా వెయ్యలేదు, అడుగు దూలాలకి నీళ్ళు కొట్టుకుని బ్రేకు తొక్కినట్టే. దీనికెంత ఇంజను పెట్టినా ఇంతే బ్రదర్. ఇది బోటు కాదు, తేలే అరుగు."

తర్వాత మధ్యలో ఇంకొంచెం లావు బాటిలు పెట్టాడు. ట్రే కుదురుగా నిలబడింది. పప్పు ప్యాకెట్టు ఏ మూలకి నెట్టినా పెద్దగా ఒరగలేదు. "మూడో గొట్టం. మాది ఇదే."

అల్లుడు చాలాసేపు ఆ సింకునే చూశాడు. తర్వాత హాల్లో ఉన్న మా ఆయన్ని చూశాడు. "మామయ్య గారి చైరుకి చక్రాలున్నాయిగా" అన్నాడు.

అలా మొదలైంది. ఆ వేసవంతా మా ఆయన బోటులో బరువు. అందరూ ముందు సోఫాల్లో కూర్చుంటే, "మామయ్య గారూ, కొంచెం వెనక్కి." మనవరాలు వెనక తాడుకి కట్టిన గాలి ట్యూబు మీద పడుకుని లాగించుకుంటుంటే, "మామయ్య గారూ, ముందుకి, ముందుకి." మలుపు వస్తే ఇటు, అల వస్తే అటు. ఆ స్నేహితుడు ఎప్పుడొచ్చినా ఒకటే ఎగతాళి. "ఇసక బస్తా ఎక్కడైనా దొరుకుతుంది బ్రదర్, చక్రాలున్న బస్తా నీకే దొరికింది." మా ఆయనకి మాట రాదు గానీ చెవుడు లేదు. ఎదురుగానే అనేవాడు.

నేను కూతుర్ని పక్కకి లాగి అడిగాను. "మీ నాన్న మనిషా, బస్తానా?"

"అమ్మా, అరవకు. నాన్నని చూడు ఒకసారి."

చూశాను. ఎడమ చెయ్యి చక్రం మీద, ఎడమ కాలు నేల మీద. అల్లుడు చెప్పేలోపే కాలితో తన్నుకుని తనే జరుగుతున్నారు. జరుగుతూ, దారిలో కాళ్ళు చాపుకున్న వాళ్ళని "జరగండి" అని గద్దిస్తున్నారు. కాళ్ళు ముడుచుకుంటున్నారు అందరూ. మనవరాలు నీళ్ళలోంచి, "అమ్మమ్మా, తాతయ్యకి ఇష్టం! చూడు, స్మైల్ చేస్తుంది!" అని కేకేసింది. దాని తెలుగులో తాతయ్య కూడా ఆడమనిషే.

"జన్మంతా జనాన్ని తోశారు, ఇప్పుడు మిమ్మల్ని తోస్తున్నారు. సరిపోయింది" అన్నాను ఆయన దగ్గరికెళ్ళి.

"జరగండి" అన్నారు. ఆ జరగండికి అర్థం నోరు మూసుకోమని. అన్ని జరగండిలూ నాకు తెలుసు.

ఆ వేసవిలో ఆ మాటకి రకరకాల గొంతులొచ్చాయి. మెత్తగా ఒకటి, హెచ్చరికగా ఒకటి, కూతుర్ని పిలవడానికి ఒకటి. మాటలు నేర్పే అమ్మాయి విని, నీళ్ళు కలిసొచ్చాయంది. ఒకసారి నా వైపు చూసి "జ" అని ఆగి, వేరే ఏదో అనబోయారు. రాలేదు. నేను చేతిలో గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. రాలేదు. "రాకపోతే పోనీ, నీళ్ళు తాగండి" అన్నాను.

వేసవి చివరికి మనవరాలు తండ్రి మీద విసుక్కుంది. దాని స్నేహితులందరూ ఆ మూడు గొట్టాల బోటే ఎక్కుతున్నారు. అక్కడ ట్యూబు గాల్లోకి లేస్తుందట, ఇక్కడ నీళ్ళలో ఈడుస్తుందట. "డాడీ, మన బోట్ చాలా స్లో. ఎంబరాసింగ్‌గా ఉంది." అదే రోజు ఆ స్నేహితుడు మా పక్కనుంచి దూసుకుపోతూ, "పెద్దాయన్ని దింపెయ్ బ్రదర్, స్పీడొస్తుంది!" అని అరిచాడు. వాళ్ళ అలకి మేం ఊగిపోయాం. అల్లుడు బోటుని ఒడ్డుకి మళ్ళించాడు.

చలికాలం బోటుని తెల్ల ప్లాస్టిక్‌లో చుట్టి ఇంటి పక్కన పెట్టారు. ఆయన కిటికీ దగ్గర కూర్చుని దాన్నే చూసేవారు. మంచు కరిగీ కరగకముందే దాన్ని కొనుక్కున్న ఒకతను ట్రక్కేసుకుని వచ్చి ట్రైలర్ తగిలించుకున్నాడు. "జరగండి, జరగండి" అంటూ ఆయన అద్దం మీద అరచేత్తో కొట్టారు. అతనికి వినపడదు కదా. వెళ్ళిపోయాడు.

కొత్తది వచ్చింది. మూడు గొట్టాలు. మధ్యది లావు, పక్కల పట్టీలు, కింద నున్నగా రేకు. అల్లుడు నన్ను పిలిచి ట్రైలర్ కిందకి వంగి చూపించాడు. అతను అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

"అత్తయ్య గారూ, ఇప్పుడు ఎవరు ఎక్కడ కూర్చున్నా బోటుకి తెలియదు."

మొదటి రోజు చర్చివాళ్ళు కొందరొచ్చారు. మా ఆయన పొద్దుటి నుంచి లైఫ్ జాకెట్ తొడిగించుకుని కూర్చున్నారు. డాక్ దగ్గరికి వెళ్ళాక అల్లుడు నా కూతురితో నెమ్మదిగా చెప్పడం విన్నాను. ముందు భాగం పైకి లేస్తుంది, స్పీడులో చైరు నిలవదు, బ్రేకులు సరిపోవు, మామయ్య గారు ఒడ్డునే ఉంటే మంచిది, నీడగా కూడా ఉంటుంది. కూతురు తల దించుకుంది.

"బాబూ" అన్నాను, అందరికీ వినపడేలా. "మామయ్య గారి కోసమే కొన్నానని సాక్ష్యం చెప్పారు కదా. ఏ బోటు గురించి చెప్పారు? మళ్ళీ ఒకసారి నిలబడి చెబుతారా?"

చెవులు ఎర్రబడ్డాయి. చివరికి అల్లుడూ ఆ స్నేహితుడూ కలిసి ఆయన్ని చైరులోంచి ఎత్తి, మోసుకెళ్ళి సోఫాలో పెట్టారు. రెండు పక్కలా దిళ్ళు దోపారు. నా కూతురు ఒక పక్క, నేను ఒక పక్క ఆనుకున్నాం. చైరు మడిచి డాక్ మీద వదిలేశారు. నా మాటే నెగ్గింది.

బోటు బయల్దేరింది. ముక్కులు లేచాయి, తర్వాత బోటంతా లేచి నీళ్ళ పైన జారుకుంటూ పోయింది. నిజం చెప్పాలి, బాగుంది. మలుపులో బయటికి ఒరగలేదు, లోపలికి వంగింది, మోటారు సైకిల్లాగ. నా ఒళ్ళో ఫ్లాస్కు మూతలో పోసుకున్న టీ ఒలకలేదు. జనం లేచి ఇష్టమొచ్చినట్టు అటూ ఇటూ తిరిగారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆయన ఎడమ చెయ్యి సోఫా అంచున చక్రం కోసం వెతికింది. అక్కడ దిండుంది. ఎడమ కాలు నేలని తన్నింది. సోఫా కదలదు. మలుపు రాగానే, "జరగండి" అన్నారు.

"నో నీడ్ తాతయ్యా" అంది మనవరాలు. "థర్డ్ ట్యూబ్ ఉంది."

"పెద్దాయనా, డ్యూటీ అయిపోయింది, బస్సు దిగెయ్యండి!" అన్నాడు స్నేహితుడు. నవ్వొచ్చే మాటే. అందరూ నవ్వారు. మా అల్లుడు అందరికంటే గట్టిగా నవ్వాడు.

అప్పుడే ఎవరో ఫోటో అన్నారు. అందరూ వెళ్ళి ముందు గేటు దగ్గర గుంపుగా చేరారు, కిందటేడు ప్రార్థనప్పుడు చేరినట్టే. ఆయన మెడ చాచి చూశారు. "జరగండి" అన్నారు. ఎవరూ తిరగలేదు. ఇంకోసారి, గట్టిగా, "జరగండి!" అల్లుడు ఇంజను తగ్గించాడు. ఆయన కళ్ళు గేటు కింద, నీళ్ళు వచ్చే చోట ఉన్నాయి. బోటు కొంచెం తల వంచింది, నిలబడింది. ఒక్క చుక్క లోపలికి రాలేదు. ఫోటో తీసుకున్నారు. బాగా వచ్చిందట.

ఆయన ఆ పొడి నేలని చూస్తూ నోరు మూసుకున్నారు.

మళ్ళీ తెరవలేదు. అన్నానికీ తెరవరు అనుకోకండి, పెడితే తింటారు. అడగరు. మాటలు నేర్పే అమ్మాయి బొమ్మల కార్డులు పట్టుకొచ్చింది, పాటలు పెట్టింది, బస్సుల వీడియోలు చూపించింది. పోయిన వారం నా కూతురి చెయ్యి పట్టుకుని ఏదో చెప్పి వెళ్ళింది. కూతురు దాన్ని తెలుగులో నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

నాకు తెలిసిన వైద్యం ఒకటే. వంటింటి గుమ్మంలో, సరిగ్గా మధ్యలో, పీట వేసుకుని కూర్చుని ఉల్లిపాయలు తరుగుతాను. ఆయనకి భోజనాల బల్ల దగ్గరికి రావాలంటే ఇటే దారి. చైరు వచ్చి నా మోకాళ్ళకి తగిలి ఆగుతుంది. అది వరకైతే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవారు. ఇప్పుడు ఊరికే ఆగుతారు. సిగ్నల్ దగ్గర ఆగినట్టు.

ఇవాళా అలాగే వచ్చి ఆగారు.

"అడగండి" అన్నాను. "నోరుంది కదా. ఒక్క మాటేగా."

గోడ వైపు చూశారు, అక్కడ ఇంకో దారేమైనా ఉందేమో అన్నట్టు.

"పాపం అమ్మా, దారివ్వు" అంది కూతురు హాల్లోంచి.

"ఇవ్వను."

"ఆకలేస్తోందేమో."

"వేస్తే అడుగుతారు."

అడగలేదు. ఎడమ చెయ్యి చక్రం మీద పెట్టుకుని, నా తల మీంచి ఎక్కడో చూస్తూ కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. తరగడానికి ఉల్లిపాయలు అయిపోయాయి. వెనక పొయ్యి మీద కూర అడుగంటుతున్న వాసన మొదలైంది. ఈ ఇంట్లో నేనున్నన్నాళ్ళూ మెతుకు కూడా పారేయనివ్వలేదు.

కూర మాడింది. నేను లేవలేదు.